తెర ఆగితే పని ఆగుతుంది: కంట్రోల్-ఎస్ చరిత్ర

యూనిక్స్ కుటుంబానికి చెందిన ఏ సిస్టంలోనైనా టెర్మినల్ ముందు కూర్చుని కంట్రోల్, ఎస్ కీలు కలిపి నొక్కితే తెర మీద పరుగెడుతున్న అక్షరాలు ఉన్నచోటే నిలిచిపోతాయి. చాలా సిస్టంలలో కంట్రోల్-క్యూ నొక్కేదాకా కదలవు. ఈ రెండు కీల వెనకున్న సంకేతాలు తెర కోసం పుట్టినవి కావు. కంప్యూటర్లకు తెరలు అరుదైన రోజుల్లో, కాగితపు టేపు చదివే యంత్రాన్ని నడపడానికీ ఆపడానికీ వాటిని కేటాయించారు. ఆ యంత్రం మ్యూజియంకు చేరింది. సంకేతాలు మాత్రం కెర్నెల్‌లో ఉండిపోయి, అప్పుడప్పుడు ఒక సర్వర్‌ను మొత్తంగా కదలకుండా చేస్తున్నాయి.

1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ ప్రమాణంలో మొదటి 32 స్థానాలు అచ్చయ్యే అక్షరాలకు కాక నియంత్రణ సంకేతాలకు ఇచ్చారు. వాటిలో 17 నుంచి 20 వరకు నాలుగింటిని తీగకు అవతల ఉన్న పరికరాలను ఆన్, ఆఫ్ చేయడానికి కేటాయించారు. అదే ఏడాది టెలిటైప్ కార్పొరేషన్ మోడల్ 33 యంత్రాన్ని తెచ్చింది. కీబోర్డు, కాగితపు చుట్ట మీద అచ్చు కొట్టే భాగం, ఎడమ పక్కన టేపుకు రంధ్రాలు కొట్టే పంచ్, ఆ రంధ్రాలను చదివే రీడర్ – అన్నీ ఒకే బల్లలో అమరిన యంత్రం అది. 17 వస్తే రీడర్ కదులుతుంది, 19 వస్తే ఆగుతుంది. 18, 20 పంచ్‌ను ఆడిస్తాయి. కంట్రోల్ కీతో కలిపి ఒక అక్షరం నొక్కితే వర్ణమాలలో దాని వరుస సంఖ్యే సంకేతంగా వెళ్తుంది. ఇంగ్లిష్ వర్ణమాలలో క్యూ 17వది, ఎస్ 19వది. అందుకే మోడల్ 33లో క్యూ కీ నెత్తిన ఎక్స్-ఆన్ అనీ, ఎస్ కీ నెత్తిన ఎక్స్-ఆఫ్ అనీ చిన్న అక్షరాలతో ముద్రించి ఉంటుంది. ఎస్ అంటే స్టాప్ అని గుర్తుపెట్టుకునేవాళ్లు చాలామందే. ఆ పొంతన కాకతాళీయం.

ఈ సంకేతాలతో అప్పట్లో జరిగిన పని ఇది. టైంషేరింగ్ కంప్యూటర్‌తో లైను కలిసి ఉన్నంతసేపూ డబ్బు ఖర్చు కాబట్టి, ప్రోగ్రాంను ముందే తీరిగ్గా టేపు మీద కొట్టి ఉంచుకునేవారు. లైను కలిశాక టేపును రీడర్‌కు తగిలించేవారు. సెకనుకు 10 అక్షరాల చొప్పున అది లోపలికి వెళ్తూ ఉంటే, పదిమంది పని చూస్తున్న కంప్యూటర్ మధ్యలో వెనకబడేది. అప్పుడది 19 పంపేది. రీడర్ ఒకటి రెండు అక్షరాలు దాటి నిలబడేది. కంప్యూటర్ తేరుకుని 17 పంపగానే మళ్లీ కదిలేది. అంటే ఆజ్ఞ కంప్యూటర్‌ది, ఆగడం టేపు వంతు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఈ సంబంధం తలకిందులైంది.

1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి టెలిటైపులే. యూనిక్స్‌లో టెర్మినల్‌ను ఇప్పటికీ టీటీవై అనే పిలుస్తారు. ఆ పేరు టెలిటైప్ నుంచి వచ్చిందే. అక్కడ మొదటి సమస్య వేగంలో తేడా. ప్రోగ్రాం క్షణంలో వెయ్యి అక్షరాలు రాసి పడేయగలదు. మోడల్ 33కు 72 అక్షరాల ఒక్క పంక్తి కొట్టడానికే ఏడు సెకన్లు పడుతుంది. మిగిలిన అక్షరాలు ఎక్కడుండాలి?

1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ కోడ్‌లో దీనికి జవాబు అంకెలతో సహా కనిపిస్తుంది. టెర్మినళ్లకు వెళ్లే, వచ్చే అక్షరాలన్నిటికీ కలిపి కెర్నెల్‌లో 100 చిన్న డబ్బాలు ఉండేవి. ఒక్కోదానిలో 6 అక్షరాలు పడతాయి. సిస్టం మొత్తానికి 600 అక్షరాలే ఉమ్మడి ఆస్తి అన్నమాట. ఒక్క ప్రోగ్రామే దాన్నంతా ఆక్రమించకుండా ప్రతి టెర్మినల్ వరుసకూ 50 అనే పైగీత గీశారు. వరుసలో 50 దాటి అక్షరాలు పేరుకుంటే, రాస్తున్న ప్రాసెస్‌ను కెర్నెల్ నిద్రపుచ్చుతుంది. టెలిటైప్ కొట్టుకుంటూ పోయి వరుస 30కి తగ్గినప్పుడు లేపుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ ఈ కోడ్‌కు రాసిన వ్యాఖ్యానం చదివిన తరం ఈ పంక్తులను కంఠతా పట్టింది. పరికరం నెమ్మదిగా ఉంటే ప్రోగ్రాం ఎదురుచూడాలి, ఒక్క అక్షరం కూడా పోకూడదు అన్నది అక్కడి నిర్ణయం. ఆ ఎదురుచూపుకు గడువు పెట్టలేదు. టెలిటైప్ నెమ్మదిదే అయినా ఆగిపోయేది కాదు కాబట్టి గడువు అవసరమని ఎవరికీ తోచి ఉండదు.

గాజు తెరలతో పరిస్థితి మారింది. కాగితం మీద అచ్చయినది చేతిలో మిగిలేది. తెర మీద పైకి జరిగిన పంక్తి మళ్లీ దొరకదు. 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు – మొత్తం 1,920. 9600 బాడ్ లైను మీద సెకనుకు 960 అక్షరాలు వస్తాయి. రెండు సెకన్లలో తెర నిండి, చదవకముందే పైకి పోతుంది. చదివే మనిషికి ఒక బ్రేకు కావలసి వచ్చింది. టేపు రీడర్‌ను ఆపే సంకేతం ఖాళీగానే ఉంది కనుక దాన్నే వాడారు. ఈసారి ఆజ్ఞ మనిషిది, ఆగడం కంప్యూటర్ వంతు.

ఆ కాలానికి ప్రతినిధి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100. దాని కీబోర్డులో నో స్క్రోల్ అని ఒక కీ ఉండేది. ఒకసారి నొక్కితే ఎక్స్-ఆఫ్, మరోసారి నొక్కితే ఎక్స్-ఆన్ వెళ్తాయి. అయితే మనిషి ప్రమేయం లేకుండా యంత్రం కూడా ఈ సంకేతాలను పంపేది. పంక్తులను మెల్లగా జరిపే పద్ధతిలో పెడితే వీటీ100 తన లైను వేగాన్ని అందుకోలేదు. లోపలున్న 64 అక్షరాల చోటు సగం నిండగానే తనంతట తానే ఎక్స్-ఆఫ్ పంపి, ఖాళీ అయ్యాక ఎక్స్-ఆన్ పంపేది. ఆ ఎక్స్-ఆఫ్ మనిషి చదువుకోవడానికి ఆపినదా, యంత్రం ఊపిరి తీసుకోవడానికి ఆపినదా అన్నది అవతలి కంప్యూటర్‌కు తెలియదు. రెండూ అదే 19. తర్వాతి చిక్కుల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి.

1979 నాటి ఏడో ఎడిషన్‌లో ఆపే అక్షరం, కదిలించే అక్షరం టెర్మినల్ అమరికల్లో భాగమయ్యాయి; ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. బర్కిలీ యూనిక్స్‌లో ఆగిన తెర ఏ అక్షరం నొక్కినా కదిలేది. కంట్రోల్-క్యూ మాత్రమే కదిలించాలనుకుంటే దానికో ప్రత్యేక అమరిక పెట్టుకోవాలి. ఏటీ అండ్ టీ వారి సిస్టం 3 దీన్నే తిరగేసి, మామూలుగా ఒక్క కీయే కదిలించేలా, కావాలంటే ఏ కీ అయినా కదిలించేలా అమర్చింది. 1988 నాటి పోజిక్స్ ప్రమాణం ఈ రెండో దారినే పట్టింది. లైనక్స్‌లో కొత్త టెర్మినల్ తెరుచుకున్న ప్రతిసారీ ఇక్సాన్ అనే ఈ అమరిక పనిచేసే స్థితిలోనే ఉంటుంది. వ్యక్తిగత కంప్యూటర్ల కీబోర్డులో మిగిలిపోయిన స్క్రోల్ లాక్ కీకి లైనక్స్ కన్సోల్ మీద ఇదే పని అప్పగించారు.

కంట్రోల్-ఎస్ ప్రాసెస్‌ను ఆపదన్నది చాలామందికి పట్టుబడని విషయం. కంట్రోల్-జెడ్ ఆపుతుంది, 1980 నాటి 4 బీఎస్‌డీతో వచ్చిన ఆ సదుపాయం ప్రాసెస్‌కే సిగ్నల్ పంపుతుంది, ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ ఆదేశం దాన్ని ఆగినట్టు ‘టి’ అని చూపిస్తుంది. కంట్రోల్-ఎస్‌తో ప్రాసెస్‌కు ఏ కబురూ అందదు. ఆగేది టెర్మినల్ మాత్రమే. ప్రాసెస్ లెక్కలు చేసుకుంటూ, ఫైళ్లు చదువుకుంటూ, నెట్‌వర్క్‌తో మాట్లాడుకుంటూ సాగిపోతుంది. ఏదో ఒక పంక్తి తెర మీదికి రాయబోతుంది. బఫర్‌లో చోటున్నంతవరకు అదీ సాగుతుంది. చోటు అయిపోయాక, రాయమని కెర్నెల్‌ను అడిగే రైట్ కాల్ మాత్రం వెనక్కి రాదు. అప్పుడు పీఎస్‌లో చూస్తే ‘ఎస్’ అని ఉంటుంది, అంటే మామూలు నిద్ర. పని లేక ఎదురుచూస్తున్న ఏ ప్రాసెస్‌కైనా ఉండే గుర్తే. కెర్నెల్‌లో ఏ చోట నిద్రపోతోందో చూపించే నిలువు వరుసను కూడా అడిగితే తప్ప అసలు కారణం బయటపడదు.

అందుకే ఈ చిక్కు ఒక్కోసారి గంటల తరువాత కనిపిస్తుంది. ఏమీ ముద్రించని ప్రోగ్రాం తెర ఆగినా నిక్షేపంగా పూర్తవుతుంది. వంద ఫైళ్లకు ఒక పంక్తి ముద్రించే బ్యాకప్ స్క్రిప్టు కొంతదూరం వెళ్లి కూలబడుతుంది. ప్రతి ఫైలు పేరూ ముద్రించేది ఇంకా ముందే ఆగుతుంది. ఒకే కంట్రోల్-ఎస్‌కు మూడు ప్రోగ్రాంలు మూడు చోట్ల ఆగడం చూసి డిస్కునో నెట్‌వర్క్‌నో అనుమానించడం సహజమే.

నిద్రలో ఉన్న ప్రాసెస్‌ను చంపడం తేలికే. లైనక్స్‌లో కంట్రోల్-సి నొక్కితే కెర్నెల్ సిగ్నల్ పంపడంతో పాటు ఆగిన టెర్మినల్‌నూ కదిలిస్తుంది. పాత యూనిక్స్‌లలో అసలు ఇబ్బంది ప్రాసెస్ ముగిసే ఘట్టంలో వచ్చేది. ముగుస్తున్న ప్రాసెస్ తన టెర్మినల్‌ను మూస్తుంది. మూసేముందు వరుసలో మిగిలిన అక్షరాలన్నీ బయటికి పోవాలని కెర్నెల్ కాచుకుంటుంది. ఆ టెర్మినల్ ఎక్స్-ఆఫ్‌లో ఉంటే అవి ఎన్నటికీ పోవు. సగం చచ్చిన ఆ ప్రాసెస్ సిగ్నళ్లు అందుకునే దశ దాటిపోయింది కాబట్టి, బలవంతంగా చంపే కిల్ మైనస్ తొమ్మిదికి కూడా లొంగదు. పీఎస్ జాబితాలో ‘ముగుస్తోంది’ అన్న గుర్తుతో రోజుల తరబడి వేలాడేది. ఎవరో వెళ్లి ఆ టెర్మినల్ దగ్గర కంట్రోల్-క్యూ నొక్కాలి, లేదా యంత్రాన్ని రీబూట్ చేయాలి. లైనక్స్ సీరియల్ డ్రైవర్లు ఈ ఎదురుచూపుకు ఒక హద్దు పెట్టాయి: మార్చుకోకపోతే 30 సెకన్లు. ఆరో ఎడిషన్‌లో కనిపించని గడువు ఇలా అంచెలంచెలుగా, ఒక్కో దెబ్బ తగిలాక ఒక్కో చోట వచ్చి చేరింది.

తెరను ఆపడానికి కంట్రోల్-ఎస్ ఒక్కటే దారి కాదు. 1978లో బర్కిలీలో డేనియల్ హాల్బర్ట్ రాసిన మోర్ ప్రోగ్రాం ఒక్కో తెరకు ఒకసారి తానే ఆగి కీ కోసం చూస్తుంది. అక్కడా ఆట అదే. వెనక ఉన్న ప్రోగ్రాం పైపులోకి రాస్తూ ఉంటుంది. పైపు నిండితే నిద్రపోతుంది. తొలి యూనిక్స్‌లలో పైపు నాలుగైదు వేల బైట్లు పట్టేది, లైనక్స్‌లో ఇప్పుడు 65,536 పడుతుంది. మోర్ తెర ముందు చాయ్ తాగడానికి లేచిపోయినవారి ప్రోగ్రాం పూర్తయిందా, సగంలో ఉందా అన్నది ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది. త్రెడ్‌లు వచ్చాక మరో మెలిక చేరింది. సి లైబ్రరీ ప్రామాణిక అవుట్‌పుట్‌కు ఒక తాళం వేస్తుంది. ఒక త్రెడ్ ఆ తాళం పట్టుకుని రైట్‌లో ఇరుక్కుంటే, ముద్రించబోయిన ప్రతి త్రెడ్ దాని వెనక నిలబడుతుంది. తెరతో సంబంధం లేదనుకున్న పని కూడా ఒక చిన్న డీబగ్ పంక్తి దగ్గర ఆగిపోతుంది.

దూరం పెరిగేకొద్దీ బ్రేకు ఆలస్యంగా పడసాగింది. నెట్‌వర్క్ మీద కంట్రోల్-ఎస్ అవతలి యంత్రానికి చేరేలోగా దారిలో ఉన్న సరుకంతా తెర మీదికి వచ్చి పడుతుంది. ఆపాలనుకున్న పంక్తి ఎప్పుడో పైకి పోయి ఉంటుంది. అందుకే బర్కిలీ ఆర్‌లాగిన్ ఆ రెండు కీలను ఇవతలి యంత్రంలోనే పట్టుకునేది. అవతలి ప్రోగ్రాం ఆ కీలను తనకే కావాలనుకుంటే ఒక ప్రత్యేక బైటు పంపి, ఇక నువ్వు పట్టుకోవద్దని చెప్పేది. టెల్‌నెట్‌కు ఇలాంటి ఏర్పాటు 1988లో వచ్చింది. 2006 నాటి ఎస్‌ఎస్‌హెచ్ ప్రమాణంలోనూ ఎక్స్-ఆన్, ఎక్స్-ఆఫ్ పేరుతో ఒక సందేశం ఉంది. కాగితపు టేపు మూలపడిన చాలాకాలానికి రాసుకున్న ప్రమాణం అది.

ఈ కీలను తమకే కావాలనుకున్న ప్రోగ్రాంలలో పేరు మోసింది ఈమాక్స్. అందులో కంట్రోల్-ఎస్ అంటే వెతుకు. వీటీ100 లాంటి టెర్మినల్ తన చోటు నిండి ఎక్స్-ఆఫ్ పంపినప్పుడల్లా ఎవరూ ఏమీ నొక్కకుండానే ఈమాక్స్ అడుగు పంక్తిలో వెతుకులాట మొదలయ్యేది. ఈ ఫిర్యాదు ఎంత సాధారణమైందంటే, ఈమాక్స్‌తో పాటు వచ్చే సమస్యల పట్టికలోనే దానికి చోటు దక్కింది. చివరికి వెతకడాన్ని మరో కీకి మార్చే ఏర్పాటు ఒకటి పెట్టారు. విండోస్ నుంచి వచ్చినవారికి కంట్రోల్-ఎస్ అంటే సేవ్; విమ్‌లో అలవాటుగా అది నొక్కి, తెర బిగుసుకుపోయిందని విండోను మూసేసినవారు ఉన్నారు. బాష్ షెల్‌లో పాత ఆదేశాలను ముందుకు వెతికే కీ కూడా ఇదే. అది షెల్ దాకా చేరకముందే కెర్నెల్ మింగేస్తుంది. స్టార్టప్ ఫైలులో ఎస్‌టీటీవై ఆదేశంతో ఇక్సాన్‌ను తీసేస్తే ఈ గొడవ ఉండదు. స్క్రీన్ అనే ప్రోగ్రాం మాత్రం తన ఆదేశాలకు ముందు నొక్కే కీ తర్వాత ఎస్ నొక్కినా ఎక్స్-ఆఫే పంపుతుంది. వేలు జారితే అక్కడా అదే బిగింపు.

బెల్ ల్యాబ్స్ వారు తర్వాత తయారుచేసిన ప్లాన్ 9 ఎదురుదారి పట్టింది. దాని రియో విండోలు మామూలుగా పైకి జరగవు. విండో నిండితే, చదివేవాళ్లు జరిపేదాకా ప్రోగ్రాం ఆగే ఉంటుంది. ఆగడం ప్రమాదంగా కాక పద్ధతిగా ఉన్న సిస్టం అది. అలవాటైతే హాయిగానే ఉంటుందంటారు దాని అభిమానులు. ఆ అభిమానులు కొద్దిమందే.

వ్యక్తిగత టెర్మినల్ ఆగితే ఒకరి పని ఆగుతుంది. కన్సోల్ ఆగితే అందరి పనీ ఆగవచ్చు. సర్వర్ గదిలో గోడవారగా ఉండే ఆ ఒక్క టెర్మినల్ మీదికి కెర్నెల్ హెచ్చరికలు, సిస్‌లాగ్ సందేశాలు వచ్చిపడుతుంటాయి. బర్కిలీలో సెండ్‌మెయిల్ కోసం ఎరిక్ ఆల్‌మన్ 1980ల తొలినాళ్లలో రాసిన సిస్‌లాగ్, ప్రోగ్రాంల సందేశాలన్నిటినీ ఒకచోట తీసుకుని ఫైళ్లకూ కన్సోల్‌కూ పంచుతుంది. పారిపోతున్న ఒక హెచ్చరికను చదువుకుందామని ఎవరో కన్సోల్ మీద కంట్రోల్-ఎస్ నొక్కి, చదివాక మరిచిపోయి వెళ్లారనుకుందాం. కాసేపు ఏమీ కాదు. కన్సోల్ బఫర్ నిండుతుంది. సిస్‌లాగ్ డీమన్ మామూలు రైట్‌తో రాస్తుంటే అక్కడే నిద్రపోతుంది. దానికి సందేశాలు చేరే సాకెట్ వరుసను ఖాళీ చేసేవారు ఇక లేరు. లైనక్స్‌లో చాలాకాలం ఆ వరుసలో పట్టేవి పది సందేశాలే. పదీ నిండాక సందేశం పంపబోయిన ప్రతి ప్రోగ్రామూ ఆగుతుంది: లాగిన్, ఎస్‌యూ, క్రాన్, మెయిల్ సర్వర్, ఎస్‌ఎస్‌హెచ్. రైల్వే గేటు పడితే వెనక నిలిచిన బండ్ల వరుస ఊళ్లోని నాలుగు రోడ్ల కూడలి దాకా పాకినట్టే ఇదీ. కూడలిలో ఇరుక్కున్నవారికి గేటు కనపడదు. పింగ్ చేస్తే యంత్రం పలుకుతుంది, ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది, లోపలికి వెళ్లడం మాత్రం ఎవరివల్లా కాదు. లోపల ఏం జరిగిందో లాగ్ చూసి తెలుసుకుందామంటే, ఆగిపోయింది ఆ లాగే.

బీఎస్‌డీ వారు దీనికి విరుగుడు కనిపెట్టారు. టెర్మినల్‌ను ఆగని పద్ధతిలో తెరవడం, చోటు లేదని జవాబొస్తే ఒక పిల్ల ప్రాసెస్‌ను పుట్టించి ఎదురుచూపును దానికి అప్పగించడం, గడువు దాటితే ఆ పిల్ల తనంతట తానే చచ్చిపోయేలా అలారం పెట్టడం. అందరికీ సందేశం పంపే వాల్ ఆదేశం ఐదు నిమిషాల గడువుతో ఇదే పద్ధతి వాడింది. ఒక అక్షరమూ పోకూడదన్న తొలి నియమాన్ని ఇక్కడ తెలిసే వదులుకున్నారు.

కెర్నెల్ సొంత సందేశాల దారి వేరు. లైనక్స్‌లో ఆ సందేశాలను ముద్రించే ప్రింట్‌కే సీరియల్ కన్సోల్ మీదికి రాసేటప్పుడు కంట్రోల్-ఎస్‌ను పట్టించుకోదు. కెర్నెల్ కూలుతున్నప్పుడు చివరి మాట ఎలాగైనా బయటపడాలి కదా. బూట్ అమరికలో కన్సోల్ వేగం పక్కన ‘ఆర్’ అని చేరిస్తే మాత్రం తీగ మీది సిద్ధంగా ఉన్నానన్న గుర్తు కోసం ఒక్కో అక్షరానికి గరిష్ఠంగా ఒక సెకను కాచుకుంటుంది. అవతల తీగ ఊడిపోయి ఉంటే 80 అక్షరాల పంక్తికి నిమిషం పైన పడుతుందని లెక్క. ఆ ఎంపిక లేకపోయినా 9600 బాడ్ మీద అదే పంక్తికి సెకనులో పన్నెండో వంతు పడుతుంది. ముద్రిస్తున్న ప్రాసెసర్ అంతసేపూ వేరే పని చేయదు. పైగా మిగతా ప్రాసెసర్లు పోసిన సందేశాలు కూడా దాని నెత్తినే పడతాయి. సందేశాలు వరదలా వస్తే, ప్రాసెసర్ బిగుసుకుపోయిందని కాపలా టైమర్ కేకపెడుతుంది. ఆ కేక కూడా ఒక సందేశమే, అదీ అదే కన్సోల్‌కు పోవాలి. సన్ యంత్రాల సీరియల్ కన్సోల్‌లో ఇంకో రకం ప్రమాదం ఉండేది: టెర్మినల్ స్విచ్ ఆపితే చాలు, దాన్ని బ్రేక్ సంకేతంగా తీసుకుని మొత్తం సర్వర్ ఆగి ‘ఓకే’ అంటూ ఆజ్ఞ కోసం చూసేది. తర్వాత దానికి బదులు మూడు కీల వరుసను ఎంచుకునే వీలు కల్పించారు.

లైనక్స్‌లో ముద్రణ పనిని వేరే త్రెడ్‌కు అప్పగించే మార్పుల మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి. కచ్చితమైన సమయపాలన కోరే రియల్‌టైం కెర్నెల్‌ను ప్రధాన కోడ్‌లో కలపడానికి చివరిదాకా అడ్డుపడింది ఈ ప్రింట్‌కేయే. 2024 నవంబరులో వెలువడిన 6.12 కెర్నెల్‌తో ఆ అడ్డు తొలగింది. కొత్త పద్ధతికి మారిన కన్సోల్ డ్రైవర్లలో సందేశం రాసిన ప్రాసెసర్ దాన్ని వరుసలో పెట్టి తన పనికి తాను వెళ్లిపోతుంది, ముద్రణ వెనకాల జరుగుతుంది. మామూలు ప్రాసెస్‌లకు మాత్రం పాత ఏర్పాటే: టెర్మినల్ తెరుచుకున్నప్పుడు ఇక్సాన్ పనిచేస్తూనే ఉంటుంది, 19 వస్తే తెర ఆగుతుంది, రైట్ కాల్ 17 వచ్చేదాకా ఎదురుచూస్తుంది.